టికెట్ ఉంది సార్, ఎక్కనివ్వడం లేదు

కాదు సార్, మళ్ళీ చెప్తున్నా, వినండి. నాకు అయిదు కంప్యూటర్లు లేవు. ఒక్కటే ఉంది. ఆ ఒక్కదానికీ పక్క మూత లేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోందా? అదిగో, పిండిమర తిరుగుతున్నట్టు, అదే. నా యావదాస్తి అదే.

అరవడం లేదండీ. నవ్వుతున్నా. నాకు కోపం వస్తే నవ్వొస్తుంది, ఏం చెయ్యను? మీరు నాకు నాలుగో మనిషి. మొదటాయన మీ సమస్య అర్థమైందన్నారు. రెండో ఆవిడ క్షమించమన్నారు. మూడో ఆయన ఒక్క నిమిషం అని పాట పెట్టి వెళ్ళిపోయారు, ఇక రాలేదు. ఆ పాట ఎంతసేపు విన్నానంటే, ఇప్పుడు మా అమ్మ వంటింట్లో అదే కూనిరాగం తీస్తోంది.

సీరియల్ నంబరా? చదవక్కర్లేదు, నోటికొచ్చేసింది. ఇరవై అయిదు అక్షరాలు. ఎక్కాలు కూడా నాకింత బాగా రాలేదు. మొన్న ఎవరో ఫోన్ నంబరడిగితే ఇదే చెప్పడం మొదలుపెట్టా, నమ్మండి!

తెర మీద ఏముందంటే... ఎర్ర డబ్బా ఉంది. "ఈ ఆటను మీకు అనుమతించిన అయిదు కంప్యూటర్లలోనూ ఇప్పటికే వాడుకున్నారు. సహాయ కేంద్రాన్ని సంప్రదించండి." సంప్రదిస్తున్నా సార్. పదింటి నుంచీ అదే పనిలో ఉన్నా.

ఆట మీకు తెలుసుగా. రైలింజను మనమే నడిపేది. అసలు అట్టపెట్టె, అసలు డిస్కు, లోపల చిన్న పుస్తకం. సీలు నా గోటితో నేనే చింపాను. పుట్టి బుద్ధెరిగాక నేను కొన్న మొట్టమొదటి అసలు డిస్కు సార్ ఇది! పెట్టె వాసన కూడా చూశా. కొత్త పుస్తకం వాసనే, కాస్త ప్లాస్టిక్ కలిసి.

అయిదు ఎలా అయ్యాయా? అబ్బ, ఇందాకటి నుంచీ ఒక్కరైనా ఈ మాట అడుగుతారేమోనని చూస్తున్నా.

నాది కంప్యూటర్లు బాగుచేసే పని. మా ముందు గదే నా కొట్టు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి, పాడుచేసి, భయపడి, మళ్ళీ బిగించి నేర్చుకున్నా. విడిభాగాలు నా దగ్గర అదనంగా ఉండవు. అందుకని ఎవరి మెషీన్ అయినా మొరాయిస్తే, ఏ ముక్క చచ్చిందో తేల్చుకోవడానికి నా దాంట్లోది ఊడబీకి వాళ్ళ దాంట్లో పెట్టి చూస్తా. పనిచేసిందా, దొంగ దొరికినట్టే. కొత్తది వచ్చేదాకా వాళ్ళు నాదే వాడుకుంటారు. నేను అటక మీది పాత ముక్క ఏదో తగిలించుకుని బండి లాగిస్తా. నా కంప్యూటర్ రక్తదాత సార్. ఎప్పుడు చూసినా ఎవరికో ఒకరికి ఎక్కిస్తూ ఉంటుంది.

ఆట పెట్టిన రోజుకి ఒకటి. మర్నాడు కుట్టుపని ఆవిడ ఏడుపుమొహంతో వచ్చింది. మదర్‌బోర్డు పోయింది, నాది ఇచ్చా. రెండు. తర్వాత పళ్ళ డాక్టరు, హార్డ్‌డిస్కు. మూడు. మందుల షాపాయన, ఫొటో స్టూడియో ఆయన... నాలుగు, అయిదు. ప్రతిసారీ మీ ఆట తలుపు ఓరగా తీసి, నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు నువ్వు?" అంది. నేనేనమ్మా, నిన్న కూడా వచ్చాను! "కాదు, ఇది వేరే కంప్యూటర్." అయిదు అనుమతుల్లో ఒకటి కొట్టేసింది.

ఇవాళ పొద్దున్న డ్రైవింగ్ స్కూలు ఆవిడ వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చా. అంతే, ఎర్ర డబ్బా.

ముక్క మార్చే ముందు ఆట అనుమతి వెనక్కి ఇచ్చేయాలా? సార్, మీరు చాలా మంచివారు. పళ్ళ డాక్టరు తెల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చాడు. అక్కడ పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడట, ఎక్స్‌రే తెరుచుకోవడం లేదట. ఆయన్ని పట్టుకుని, ఆగండి డాక్టరుగారూ, మా ఆటకి ఓ మాట చెప్పొస్తాను అనమంటారా? ఆ పేషెంటు దవడ ఏం కావాలి?

పాత కార్డు తిరిగి పెట్టుకోమంటారా? అది... ఆవిడ పట్టుకెళ్ళిపోయిందండీ.

ఒక్క సంగతి చెప్పండి, మనలో మాట. నేను చిన్నప్పుడు ఆడినవన్నీ కాపీలే. మార్కరుతో పేరు గీకిన డిస్కులు. పెట్టగానే ఆడేవి! ఒక్కటంటే ఒక్కటి నన్ను "ఎవరు నువ్వు" అనలేదు. ఎంత మర్యాదస్తులండీ అవి! మీ ఆటకి కూడా తాళం ఊడగొట్టిన కాపీ ఈపాటికి ఉండే ఉంటుంది. వాడెవడో హాయిగా మూడు స్టేషన్లు దాటేసి ఉంటాడు. కొన్నదాన్ని నేనేమో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మీకు ఇరవై అయిదు అక్షరాలు అప్పజెప్తున్నా. అంటే మీరు తాళం వేసింది దొంగకి కాదు, తాళంచెవి కొనుక్కున్నదానికి. నాకు నవ్వు రాదా మరి?

ఇంకో అనుమతికి మూడు రోజులా!

లేదు లేదు లేదు. సార్, నేను వెనక్కి తిరక్కుండా, గొంతు తగ్గించి చెప్తున్నా. నా వెనక కుర్చీలో మా నాన్న కూర్చున్నారు. రైలు పదింటికి అని మాట. తొమ్మిది యాభై అయిదుకే వచ్చారు. ఇస్త్రీ చొక్కా. బూట్లు. ఇంట్లో బూట్లు సార్! పదీ ఏడుకి ఒకసారి గడియారం చూశారు, పదీ ఇరవైకి ఒకసారి చూశారు. ఆయన చూస్తున్నట్టు నా మెడకి తెలుస్తోంది.

మా నాన్న టికెట్ కలెక్టరు. ఇప్పుడు రిటైరయ్యారు లెండి. ముప్ఫై రెండేళ్ళు చేశారు. ఎలాంటి మనిషంటే, సొంత బావమరిదికి జరిమానా రాశారు. మా మావయ్యకి! ప్లాట్‌ఫామ్ టికెట్ గడువు పదకొండు నిమిషాలు దాటిందని. అసలు మావయ్య స్టేషన్‌కి ఎందుకెళ్ళాడో తెలుసా? నాన్నకి భోజనం క్యారేజీ ఇవ్వడానికి. ఆ క్యారేజీ అందుకుని, థాంక్స్ చెప్పి, రసీదు చింపి చేతిలో పెట్టారు. మావయ్య ఆ రసీదుకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు, మా బావ ప్రేమలేఖ అని.

అలాంటి మనిషికి నా కాపీ డిస్కులు దొరికాయి, నాకు పద్నాలుగేళ్ళప్పుడు. ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కొక్కటీ తీసి, "దీని టికెట్ ఏదీ?" పక్కన పెట్టి, ఇంకొకటి తీసి, "దీని టికెట్?" ఇరవై రెండో డిస్కు దగ్గర నాకు నవ్వాగలేదు. ఆయన అన్నీ మళ్ళీ దొంతర పెట్టి, మొదటి నుంచీ అడిగారు.

సరే, అది పాత సంగతి. కొత్త సంగతి ఏంటంటే, నేను చదువు మధ్యలో మానేసి ఈ కొట్టు పెట్టి ఏడాది దాటింది. అప్పట్నుంచీ నాన్న నాతో మాట్లాడరు. మాట్లాడతారు, కానీ అమ్మ ద్వారా. నేను ఎదురుగానే కూర్చుని ఉంటా. "మీ అమ్మాయికి చెప్పు, ఆ లైటు ఆర్పమని." అమ్మ ఇటు తిరిగి, "లైటు ఆర్పమంటున్నారే." "ఇంకొక్క స్క్రూ ఉందని చెప్పమ్మా." అమ్మ అటు తిరిగి, "స్క్రూ ఉందటండీ." మా అమ్మ మా ఇంటి టెలిఫోన్ ఎక్స్ఛేంజి. మొన్న జలుబు చేసి ఆవిడ గొంతు పోతే, మూడు రోజులు ఇంట్లో లైన్లన్నీ బంద్!

నవ్వారు! మీరు నవ్వారు, నేను విన్నా. పర్లేదు, నవ్వండి, మీ పైవాళ్ళకి చెప్పన్లే.

రైలు ఆటే ఎందుకు కొన్నానంటే... ముప్ఫై రెండేళ్ళు రైల్లోనే తిరిగిన మనిషి ఒక్కసారి కూడా ఇంజనెక్కలేదు సార్. రూలు ఒప్పుకోదు. డ్రైవర్లందరూ స్నేహితులే, రా గురూ అని పిలిచేవాళ్ళు. ఊహూఁ. ఒకరోజు అమ్మతో అంటుంటే గోడవతల నుంచి విన్నా: "పట్టాలు ఎప్పుడూ పక్క కిటికీలోంచి చూడ్డమే. ఎదురుగా వస్తుంటే ఎలా ఉంటాయో." అది నాకు చెప్పమని పంపిన కబురు కాదు. అయినా అందింది.

పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టా. "టికెట్ ఉందేమో అడుగు" అన్నారు అమ్మతో. పెట్టె అటూ ఇటూ తిప్పారు, లోపలి పుస్తకం వెలుతురుకి పెట్టి చూశారు, సీరియల్ నంబరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివారు. పావుగంట! చివరికి, "సరే. ఆదివారం పదింటికి" అన్నారు. అమ్మతోనే అనుకోండి. కానీ నా వైపు చూస్తూ అన్నారు.

ఇప్పుడు అర్థమైందా? పదకొండయితే ఆయన లేచిపోతారు. లేట్ అయిన బండి కోసం ఒక గంట చూస్తారు, అది ఆయన పద్ధతి. లేచారంటే మళ్ళీ రారు. నేను పిలవలేను. ఒక మనిషి ఏడాది తర్వాత నా గదిలోకి వచ్చి కుర్చీ వేసుకుంటే, మీ ఎర్ర డబ్బా చూపించి పంపించమంటారా?

మీ పైఆయన్ని అడిగొస్తారా? వెళ్ళండి, వెళ్ళండి. కానీ ఆ పాట మాత్రం పెట్టకండి, మీకు దణ్ణం పెడతా...

పాట పెట్టేశాడు.

ఆ! ఏంటి నాన్నా?

ఆఁ... ఉంది నాన్నా. టికెట్ ఉంది. ఉన్నా దించేశారు.

హలో! వచ్చారా సార్? సార్, సార్, సార్! ఆయన నన్నడిగారు! నన్నే! అమ్మ ఇక్కడ లేదు, బట్టలు ఆరేయడానికి మేడ మీదకెళ్ళింది. ఎక్స్ఛేంజి లేకుండా, నేరుగా! "టికెట్ ఉండి కూడా దించేశాడా?" అన్నారు. ఎన్ని మాటలో లెక్కపెట్టండి! ఈ ఏడాదిలో నాకు దక్కినవి అవే!

ఆగండి, ఇంకా అడుగుతున్నారు. లేదు నాన్నా, ఎక్కినప్పుడల్లా చూస్తారు. లేదు, మనిషి మారలేదు, నేనే. లోపల ఒక ముక్క మారింది, దాంతో నేను వేరే మనిషినంటున్నారు.

సార్, నాన్న అంటున్నారు, ఉన్నదున్నట్టు చెప్తా, నొచ్చుకోకండి: "ప్రయాణికుడు చొక్కా మార్చుకొస్తే టికెట్ చెల్లదనే టీసీని నా సర్వీసులో చూడలేదు."

ఇంకా ఉంది. "అనుమానం వస్తే మనిషిని దించకూడదు. కూర్చోబెట్టాలి, వివరాలు రాసుకోవాలి, ముందు స్టేషన్‌లో తేల్చుకోవాలి. బండి ఆపకూడదు." ఇది పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పేవాళ్ళట. మీకు నేర్పలేదా అని అడుగుతున్నారు. నేర్పలేదట నాన్నా! మీ డ్యూటీ నంబరెంతట సార్? ఇవ్వకూడదా? ఇవ్వకూడదట నాన్నా.

అయ్యో, లేచారు! లేచి... లేదు, వెళ్ళడం లేదు. ఇటే వస్తున్నారు. నా కుర్చీ వెనక నిలబడ్డారు సార్. కుర్చీ మీద చెయ్యి వేశారు. ఎర్ర డబ్బా చదువుతున్నారు, పెదాలు కదుపుతూ. "దీని మీద సంతకం ఏదీ?" అంటున్నారు. లేదు నాన్నా, వీళ్ళు సంతకం పెట్టరు. "సంతకం లేకుండా మనిషిని దించుతారా!" సార్, ఆయన గొంతు లేచింది! మా మావయ్య కూడా ఎప్పుడూ వినలేదు ఈ గొంతు!

నావైపే సార్! మా నాన్న నావైపు!

మూత లేని నా కంప్యూటర్ లోపలికి తొంగి చూస్తున్నారు. ఇదేంటి, అదేంటి అంటున్నారు. అది ర్యామ్ నాన్నా. అది ఫ్యాను, వేలు పెట్టకండి. వేలు పెట్టకండి నాన్నా! ఇవన్నీ నేనే బిగించాను. అవును, అన్నీ నాకు తెలుసు. ఎవరూ నేర్పలేదు.

"ఊఁ" అన్నారు.

ఆ "ఊఁ" మీకు వినిపించిందా? మీ ఫోన్లు రికార్డవుతాయి కదా, ఆ ముక్క నాకు పంపించగలరా?

ఎక్కడికెళ్తున్నారు నాన్నా? సరే, సరే. కళ్ళద్దాలూ ఫిర్యాదు కాగితాలూ తెస్తారట సార్. మీ కంపెనీ మీద రాస్తారట. ఆయన రాస్తే మామూలుగా ఉండదు, మూడు ప్రతులుంటాయి, కార్బన్ పెట్టి.

ఏంటీ? ఇచ్చేస్తారా? ఇంకో అనుమతి? ఇప్పుడే? మీ పైఆయన ఒప్పుకున్నారా?

అయ్యో. ఆగండి. చెప్పకండి. ఆ కోడ్ చదవకండి, ఒక్క నిమిషం.

ఆయన లోపలున్నారు, బీరువా చప్పుడవుతోంది. గబగబా చెప్పేస్తా. డ్రైవింగ్ స్కూలు ఆవిడ వచ్చిందన్నానే, రాలేదు. ఎవరూ రాలేదు. ఆదివారం పొద్దున్నే నా దగ్గరికెవరొస్తారు సార్?

తొమ్మిదింపావుకి ఆట బ్రహ్మాండంగా నడిచింది. ఇన్నాళ్ళూ తెరిచి చూడ్డమే తప్ప బండి కదిలించలేదు, ఒకసారి చూసుకుందామని నేనొక్కదాన్నే పెట్టా. కూత వేసింది, కదిలింది, పట్టాలు ఎదురుగా వస్తున్నాయి. బొమ్మ పట్టాలు. అటూ ఇటూ చెట్లు అట్టముక్కల్లా ఉన్నాయి. ప్లాట్‌ఫామ్ మీద జనం అందరిదీ ఒకటే మొహం. బండి అక్కడే ఆపేశా. నిజం రైల్లో ముప్ఫై రెండేళ్ళు తిరిగిన మనిషి వచ్చి, రెండు నిమిషాలు చూసి, "ఇందుకా చదువు మానేసింది" అంటే? అదీ అమ్మతో కూడా అనకుండా, ఊరికే లేచి వెళ్ళిపోతే?

స్క్రూడ్రైవరు తీసుకున్నా. కార్డు ఊడబీకా, అటక మీది పాతది పెట్టా. ఎర్ర డబ్బా వచ్చింది. అబ్బ, ఎంత హాయనిపించిందో! నా ఆట బాగోలేదనే మాటే లేదిక. తప్పంతా మీ కంపెనీదైపోయింది. మిమ్మల్ని పదింటి నుంచీ తిడుతున్నా కదా, తిట్టినకొద్దీ గుండె తేలికవుతోంది.

ఆ కార్డు నా జేబులోనే ఉంది సార్. తిరిగి పెడితే నాలుగు నిమిషాలు. మీ ఆట నన్ను వెంటనే గుర్తుపడుతుంది. కోడ్ నాకు అక్కర్లేదు.

అంటే మీమీద చెప్పినవి అబద్ధాలని కాదు! అయిదింటి సంగతి నిజం. పళ్ళ డాక్టరు నిజం, ఆ దవడ నిజం. ఒక్క ఆరోది మాత్రం నేనే.

వచ్చేశారు. కూర్చున్నారు. నా పక్కన సార్, వెనక కాదు. కాగితాలు సర్దుతున్నారు. ఏంటి నాన్నా? కొన్న తేదీ పెట్టె మీద ఉంది. ఆఁ, రాయండి. ఇవాళ్టి సంగతా... పొద్దున్న... పొద్దున్న ఒకావిడ... ఆఁ.

సార్, ఏం రాస్తున్నారో చదువుతారట, మిమ్మల్ని కూడా వినమంటున్నారు. ఫోన్ అటు పెడతా.

విన్నారా? "ఫిర్యాదుదారు నా కుమార్తె." తర్వాత ఆగిపోయారు. కలం గాల్లో ఉంది. నన్ను చూసి, "వృత్తి దగ్గర ఏం రాయాలి? నీ పనిని ఏమంటారు?" అని అడిగారు. బాగుచేయడం నాన్నా, అన్నా. తల అడ్డంగా ఊపి, ఏదో రాశారు. "కంప్యూటర్ నిపుణురాలు." అని రాసి, కింద గీత గీశారు. మూడు కాగితాల మీదా దిగేలా గట్టిగా నొక్కి.

సార్, మొహం అటు తిప్పుకుని గుసగుసగా చెప్తున్నా, మా నాన్న బతుకులో ఒక్క తప్పు రిపోర్టు రాయలేదు. ఒక్కటి. ఇప్పుడు రాస్తున్నారు, నా మాట నమ్మి. కింద సంతకం పెట్టబోతున్నారు. టోపీ తీసేశారు, కలం టోపీ, పళ్ళతో పట్టుకున్నారు.

ఏం చెయ్యమంటారు?

మహా అయితే ఏమవుతుంది? మళ్ళీ ఏడాది. అంతే కదా. ఏడాది ఎలా గడపాలో నాకు వచ్చు.

మీ కోడ్ ఉంచుకోండి. ఎక్కడో నిజంగా దిగబడిపోయినవాళ్ళు ఉంటారు, వాళ్ళకివ్వండి. లైన్లో ఉంటారా? ఉండండి, ప్లీజ్. ఏమీ అనకండి, ఊరికే ఉండండి.

నాన్నా, సంతకం పెట్టకండి. ఆగండి. అమ్మని పిలవక్కర్లేదు, నేనే చెప్తా. ఒకసారి నా చేతిలో ఏముందో చూడండి.